నాలుగు కిలోల ఆదివారం

అత్తగారింట్లో ఆదివారం తురుముడు చప్పుడుతో మొదలవుతుంది. చిన్నకోడలికి ఆ చప్పుడు ఇంకా కొత్త. పెళ్లయి నలభై రెండు రోజులు, వేరు కాపురం పెట్టి నెల. ఆదివారం భోజనానికి రావడం ఇది నాలుగోసారి. మెట్లు ఎక్కుతుండగానే వినిపించింది: సర్రు, సర్రు, సర్రు, బంగాళాదుంపని అటు తిప్పుకునేంత విరామం, మళ్లీ సర్రు, సర్రు. శ్రీవారు మూడో మెట్టు మీద ఆగి కళ్లు మూసుకున్నాడు. అమ్మ అట్లు వేస్తోందన్నాడు, ఏదో పరీక్ష పాసైనవాడిలా.

శ్రీవారు అనే మాట ఆమెకి కొత్త చెప్పుల లాంటిది. సందు దొరికితే చాలు, మనసులో తొడుక్కుని నాలుగడుగులు వేసి చూసుకుంటుంది.

వంటింట్లో పొట్టి పీట మీద తోడికోడలు కూర్చుని ఉంది. కాళ్ల మధ్య పెద్ద బేసిన్, అందులో నిలబెట్టిన నాలుగు పలకల గ్రేటర్. దుంపని అరచేతి కండతో ఒత్తి పట్టుకుని పైనుంచి కిందికి ఒకే ఊపున లాగుతోంది. మూడు దుంపలకి ఒక ఉల్లిపాయ, తురుము నల్లబడకుండా. చూపు బేసిన్ మీద లేదు, కిటికీ అవతల ఎక్కడో ఉంది. చేతులు వాటంతట అవే పోతున్నాయి. పొయ్యి దగ్గర అత్తగారు అట్లకాడ పట్టుకుని నిలబడి, ఒంటి చేత్తో గుడ్లు కొట్టి గిన్నెలో వేస్తున్నారు. ఆ చెయ్యి చూడముచ్చటగా ఉంటుంది. పెంకు ముక్క ఒక్కటి పడదు.

బల్ల దగ్గర మామగారు, బావగారు, శ్రీవారు అప్పటికే చేతులు కడుక్కుని సిద్ధంగా ఉన్నారు. అంచులు ఎర్రగా కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉన్న అట్లు వాయి వెనక వాయి వచ్చి పడ్డాయి. అమ్మ చేతిలో అమృతముందని బావగారు అన్నారు. గుడ్డు పాళ్లలోనే ఉందిరా కిటుకంతా అని మామగారు, తానే వండినంత ధీమాగా చెప్పారు. చిన్నకోడలు ఏడు తింది. ఏడో దాన్ని శ్రీవారు తన కంచంలోంచి ఆమె కంచంలోకి జరిపాడు, ఎవరూ చూడలేదనుకుని. అందరూ చూశారు. ఆ సంతోషంలోనే ఆమె మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లింది.

తోడికోడలు, ఆమె పిలుపులో అక్క, ఇంకా పీట మీదే ఉంది. ఒళ్లో చిన్న కంచం. అందులో ఉడికించిన దుంప ఒకటి, రెండుగా చీల్చి ఉప్పు చల్లింది. తింటోంది.

అట్లు తినరా అక్కా అని అడిగింది చిన్నకోడలు. అందులో గుడ్డు ఉందిగా అంది అక్క, వాన పడుతోందిగా అన్నంత మామూలుగా. గుడ్లు, పాలు, వెన్న, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ ఆమె తినదు. ఇంట్లో అందరికీ తెలుసు. బావగారు దాన్ని గడ్డి వ్రతం అని ఎగతాళి చేస్తారు కూడా. తెలిసిన సంగతే, కానీ చిన్నకోడలి బుర్రలో ఆ సంగతీ ఈ బేసినూ ఇంతవరకూ ఒకచోట కలవలేదు.

"మరి మీ ఒక్కరికీ విడిగా వేసుకోవచ్చుగా?"

"విడిగా అంటే ఇంకో గిన్నె, ఇంకో పెనం. ఎవరు తోముతారు?" అని అక్క నవ్వి, రెండో ముక్క మీద ఉప్పు చల్లుకుంది.

చిన్నకోడలు మంచినీళ్లు మర్చిపోయి బల్ల దగ్గరికి వచ్చేసింది. నాలుగు కిలోలు తురిమిన మనిషికి ఒక్క అట్టు లేదు. ఆమెకి చటుక్కున మాట తన్నుకొచ్చింది. గుడ్డు లేకుండా వేస్తే అక్క కూడా తింటుంది కదత్తయ్యా అంది. అత్తగారు కోపగించుకోలేదు. పెనం తుడుస్తూ, పసిపిల్ల చందమామని అడిగితే చూసినట్టు చూశారు.

"గుడ్డు లేకుండా అట్టు నిలవదమ్మా. పెనం మీద పొడుం అవుతుంది. ముప్ఫై ఏళ్లుగా వేస్తున్నాను, నాకు తెలీదా?"

"నిలబెట్టి చూపిస్తాను. వచ్చే ఆదివారం మా ఇంటికి రండి, అందరూ."

మామగారు దగ్గారు. శ్రీవారు బల్ల కింద ఆమె పాదం తొక్కాడు. కానీ అన్న మాట అన్నదే. అత్తగారు ఆలోచించి సరేనన్నారు. నిలిస్తే ఇక తన ఇంట్లోనూ అలాగే వేస్తానని, పొడుమైతే మాత్రం మళ్లీ ఈ ప్రస్తావన తేకూడదని, పెద్దది ఎప్పటిలా తన ఉడకబెట్టిన దుంప తాను తింటుందని తేల్చేశారు. అక్క వంటింట్లోంచి అన్నీ విన్నది. బేసిన్ కడిగిన చప్పుడు వచ్చింది.

వాళ్ల ఇల్లు రెండు గదులు. పెద్ద గదిలోంచి చూస్తే వంటిల్లంతా కనిపిస్తుంది, వంటింట్లోంచి చూస్తే ఇల్లంతా కనిపిస్తుంది. అది ఆమెకి గొప్ప సౌఖ్యం. ఉల్లిపాయ తరుగుతూ కూడా శ్రీవారు చొక్కా ఇస్త్రీ చేసుకోవడం చూడొచ్చు. రెండు పొయ్యిల స్టవ్వు, ఒక పెనం, ఇంకా కొత్త స్టిక్కరు వదలని కొత్త గ్రేటర్.

మంగళవారం ఆఫీసు నుంచి వచ్చి మొదటి ప్రయత్నం చేసింది. నాలుగు దుంపలు తురిమి, ఉప్పూ మిరియాల పొడీ కలిపి, గుప్పెడు తీసి పెనం మీద పరిచింది. నూనె చిటపటలాడింది. అంచు కూడా ఎర్రబడింది. అట్లకాడ కింద దూర్చి తిప్పబోయేసరికి అట్టు కాస్తా ఎవరి దారిన వాళ్లు పోయే అన్నదమ్ముల్లా నాలుగు ముక్కలై, ఆ ముక్కలు పదహారై, చివరికి తురుము తురుముగానే మిగిలింది. శ్రీవారు దాన్ని చెంచాతో తిన్నాడు. రుచికి వంక లేదని, అట్టు అనే పేరొక్కటే దానికి నప్పలేదని అన్నాడు.

బుధవారం దండిగా గోధుమపిండి కలిపింది. ఈసారి విడిపోలేదు. విడిపోకపోవడం అటుంచి, పంటికి కూడా లొంగలేదు. శ్రీవారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వంచి చూశాడు.

"నిలబడింది. గోడకేసి కొట్టినా నిలబడుతుంది."

"అయితే నీ చెప్పు అడుగున అంటించుకో."

"ఎడమ కాలికి ఇది సరిపోయింది. కుడికాలికి ఇంకోటి వెయ్యి."

ఇద్దరూ వంటింటి గట్టుకి ఆనుకుని, నవ్వీ నవ్వీ రొప్పుతూ దాన్ని నీళ్లు తాగుతూ తిన్నారు. ఆమెకి దిగులు వెయ్యలేదు. పదో తరగతిలో లెక్కలు తప్పినప్పుడూ ఆమెకి దిగులు వెయ్యలేదు, మళ్లీ చేసింది. ఎక్కడో ఒకచోట కిటుకు ఉండి ఉంటుందనీ, అది తనకి దొరికి తీరుతుందనీ ఆమె నమ్మకం.

అది గురువారం పని దగ్గర దొరికింది. ఆమె పనిచేసేది నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో. చెరువు నీళ్లు, కుళాయి నీళ్లు, బోరు నీళ్లు సీసాల్లో వస్తాయి. బురద నీటిని ఎత్తయిన గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఉంచి, అడుగున ఎంత మడ్డి దిగిందో గీతల మీద చదివి రాసుకోవాలి. ఆ రోజు గొట్టం ముందు కూర్చుని గడియారం చూస్తుంటే, అడుగున దిగుతున్న తెల్లటి పొర ఇంకెక్కడో చూసినట్టనిపించింది. నిన్న తురుము గిన్నె కడుగుతున్నప్పుడు అడుగున పట్టుకుని ఓ పట్టాన వదలని తెల్లటి పేస్టు. గోరుతో గీకితే కదిలింది. దుంపలోని పిండి. జిగురంతా అందులోనే ఉంది, తాను మాత్రం దాన్ని గీకి గీకి తూములోకి పంపించింది. ఎదురుగా పరమాన్నం పెట్టుకుని పస్తు ఉన్నట్టు. కొలతల పుస్తకంలో రాయాల్సిన అంకె బదులు "దుంప" అని రాసి, కొట్టేసి, అంకె రాసింది.

సాయంత్రం తురుముకి ఉప్పు పట్టించి, పల్చటి నూలుగుడ్డలో మూటగట్టి, గిన్నె మీద పట్టుకుని పిండింది. గోధుమరంగు నీళ్లు ధారగా దిగాయి. మెలిపెట్టి మళ్లీ పిండింది. మణికట్లు సలిపాయి. గిన్నెని కదపకుండా గట్టు మూలకి జరిపి, పావుగంట ఆగాలి కదా అని స్నానానికి వెళ్లింది. లోపల కూనిరాగం తీస్తూ, ఇవాళ్టితో అత్తగారు చిత్తు అనుకుంది.

వచ్చేసరికి శ్రీవారి మొహం వెలిగిపోతోంది. ఆమె అలిసిపోయి ఉంటుందని, వంటిల్లంతా సర్దేశాడట. గట్టు తుడిచాడు. చెత్త పారేశాడు. మూలన ఎవరో మురికినీళ్ల గిన్నె వదిలేస్తే అది కూడా పారబోసి, అడుగున ఏదో సున్నం లాంటిది పట్టుకుంటే పీచు పెట్టి తళతళా తోమేశాడు.

ఆమె గిన్నె చూసింది. అందులో తన మొహం కనపడుతోంది. ముందు కూర్చుంది. తర్వాత సంగతి చెప్పింది. అతను కూడా పక్కన కూర్చున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి తనంతట తాను తోమిన గిన్నె అదేనని, దానికే ఇలా అయిందని వాపోయాడు. ఆమె నుంచి ఓదార్పు కూడా రాబట్టుకున్నాడు.

శుక్రవారం గిన్నె మీద మూత పెట్టి, మూత మీద ముట్టుకోవద్దని కాగితం అంటించింది. పావుగంటకి పైనీళ్లు తేరుకున్నాయి. గిన్నెని ఒక పక్కకి వంచి, ల్యాబులో చేసినట్టే ఊపిరి బిగబట్టి సన్నటి ధారగా నీళ్లు వంపింది. అడుగున తడి సుద్దలాంటి పొర మిగిలింది. దాన్ని చెంచాతో గీకి పిండిన తురుములో వేసి, చెంచాడు బియ్యప్పిండి చల్లి, వేళ్లతో కలిపింది. ఈసారి గుప్పిట్లో ఒత్తితే ముద్ద ముద్దగా ఉండిపోయింది. వేడెక్కిన నూనెలో వేసి పల్చగా అదిమింది. అంచు చుట్టూ ఎర్ర గీత వచ్చేదాకా అట్లకాడని వీపు వెనక దాచుకుని నిలబడింది, చెయ్యి ఊరుకోదని. తిప్పితే తిరిగింది. ముక్క రాలలేదు. శ్రీవారు ఒకటి కొరికి, అరనిమిషం నమిలి, అమ్మకి చెప్పనంటే ఒక మాటంటానన్నాడు. చెప్పనంది. ఇవే బాగున్నాయన్నాడు.

ఆదివారం పదకొండింటికి అందరూ దిగారు. ఉన్న నాలుగు కుర్చీలూ పెద్దవాళ్లకి ఇచ్చారు. శ్రీవారు బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. అత్తగారు సంచిలోంచి ఆరు గుడ్లు తీసి గట్టు మీద పెట్టారు, పొడుమైతే పనికొస్తాయని. అక్క వస్తూనే పంపు దగ్గర చేతులు కడుక్కుని, జాకెట్టు చేతులు పైకి తోసుకుని, దుంపలెక్కడ అని అడిగింది. మొదటి రెండు వాయిలకి తురిమేశానని చిన్నకోడలు గర్వంగా పిండిన ముద్దా, తేరిన పిండీ చూపించింది. అక్క గిన్నెలోకి వంగి చూసింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు బల్ల మీద పెట్టి, తీసి, చివరికి ఒళ్లో పెట్టుకుంది.

మొదటి అట్టు అత్తగారికి. ఆవిడ దాన్ని అంచు పట్టుకుని పైకెత్తారు. కిటికీ వెలుగుకి పెట్టి చూశారు. చిన్నగా ఊపారు. శ్రీవారు బకెట్ మీద ముందుకి జరిగాడు. ఆవిడ కొరికి, నమిలి, ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాక గాని పెదవి విప్పలేదు.

"నిలిచింది."

ఆ ఒక్క మాటకి చిన్నకోడలి కాళ్లు నేల మీద లేవు. రెండు పొయ్యిలూ అంటించింది. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన రెండో పెనం కూడా పెట్టింది. అక్కకి రెండు వేడివేడివి వేసింది. అక్క ఒకటి తుంచి, ఊదుకుని, నెమ్మదిగా తింది. బాగుందంది. ఆ మాట నిజంగానే అంది. బావగారు నాలుగోది అందుకుంటూ గడ్డి వ్రతంలో ఇంత రుచి ఉందని తెలిస్తే తానూ పట్టేవాడినన్నారు.

అత్తగారు ఓడిపోవడం తెలిసిన మనిషి. మూతి తుడుచుకుని, గుడ్లు తిరిగి సంచిలో పెట్టుకున్నారు.

"అన్న మాట ప్రకారం ఇక మన ఇంట్లోనూ ఇంతే. పెద్దదీ కడుపునిండా తింటుంది, పాపం." ఆవిడ పెద్దకోడలి వైపు తిరిగారు. "అయితే నాలుగు కిలోలు చాలవే, ఐదు తురుము. ఈ పిండడం, తేర్చడం కూడా నువ్వే నేర్చుకో, చెయ్యి తిరిగినదానివి."

చిన్నకోడలు పెనం ముందు నిలబడి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. అక్క చేతిలోని ముక్కని కంచంలో పెట్టేసింది. ఆమె కళ్లు గట్టు మీద ఆరేసిన నూలుగుడ్డ మీద, దాని పక్కన గిన్నె మీద, గ్రేటర్ మీద ఒక్కొక్కదాని మీదే ఆగి వస్తున్నాయి, మోయాల్సిన మూటలు లెక్కపెట్టుకుంటున్నట్టు. ఐదు కిలోలు. పిండడం. తేర్చడం. ఇంకో గిన్నె. వారం రోజులు పట్టుబట్టి, చిటికెడు పిండి కూడా జారనివ్వకుండా తాను సాధించింది ఇది.

అక్క గొంతు పెంచలేదు.

"బాగున్నాయి అత్తయ్యా. చిన్నది నాకోసం ఎంత కష్టపడిందో తెలుస్తూనే ఉంది. కానీ నాకు అట్టు లేదని ఏనాడూ బెంగ లేదు. ఉడికిన దుంప నాకిష్టమే. నాకు తురమాలని లేదు."

అత్తగారు పెద్దకోడలి వంక చూశారు, ఆవిణ్ణి ఎవరో కొత్తగా పరిచయం చేసినట్టు. ఇన్నేళ్లలో ఒక్కమాటైనా చెప్పలేదేమని అడిగారు. ఆ అడగడంలో కోపం కన్నా కంగారే ఎక్కువుంది.

"వారం వారం మీ ఎదురుగానే కూర్చుని తురిమాను కదత్తయ్యా. ఇంకెలా చెప్పను?"

మామగారు దగ్గబోయి మానేశారు. చిన్నకోడలు రెండు పొయ్యిలూ తగ్గించింది. ఇంకా మూడో వాయి మిగిలి ఉంది. తొక్క తియ్యని దుంపలు ఎనిమిది బుట్టలో ఉన్నాయి. అందరికీ ఇంకా ఆకలి ఉంది. ఆ సంగతి దాచిపెట్టడానికి ఎవరూ కంచాలు దూరం జరపలేదు కూడా. అక్క అలవాటు కొద్దీ లేవబోయింది. అనాల్సింది అనేశాం, ఇక పని కానిద్దాం అన్నట్టుంది ఆ లేవడం.

"కూర్చోండక్కా," అంది చిన్నకోడలు. గ్రేటర్‌నీ గిన్నెనీ తెచ్చి బావగారి ముందు పెట్టింది. బుట్ట మామగారి ఒళ్లో పెట్టింది. తన చేతులు ఇంత ధైర్యంగా ఎలా కదులుతున్నాయో తనకే అర్థం కాలేదు. "మామయ్యగారూ, మీరు తొక్కలు తియ్యండి. బావగారూ, మీరు తురమండి. నేను పిండుతాను. గిన్నెలు మాత్రం మీ తమ్ముడికి ఇవ్వకండి."

శ్రీవారు బకెట్ మీద తల వంచుకున్నాడు. బావగారు తల్లి వంక చూశారు. ఆవిడ ఏదైనా అంటే ఈ గండం గడుస్తుందని ఆయన ఆశ. అత్తగారు గట్టు మీది చాకు తీసి మొగుడి చేతిలో పెట్టారు.

"పల్చగా తియ్యండి. సగం దుంప తొక్కలోనే పోగొట్టకండి."

బావగారు గ్రేటర్‌ని చుట్టూ తిప్పి చూశారు. నాలుగు వైపులా నాలుగు రకాల కన్నాలు. ఏ వైపని ఆయన అడిగితే, తొమ్మిదేళ్లుగా నేను తురిమింది తింటున్నారు, ఏ వైపుదో తెలీదా అని అక్క అంది. పెద్ద కన్నాల వైపు తిప్పి ఇచ్చింది కూడా. ఆయన దుంపని వేళ్ల చివర్లతో గువ్వపిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని మొదలుపెట్టారు. సర్రు. ఆగారు. సర్రు. గ్రేటర్ పక్కకి జారింది. మోకాళ్ల మధ్యకి లాక్కుని మళ్లీ మొదలుపెట్టారు. మామగారి తొక్కలు లావుగానే వస్తున్నాయి. అత్తగారు రెండు సార్లు చూసి, మూడోసారి చూడటం మానేశారు.

మూడో దుంప సగానికి వచ్చేసరికి బావగారి నుదురు తడిసింది. చెయ్యి మార్చారు. ఎడమచేత్తో రాక మళ్లీ కుడిచేతికి వచ్చారు. వేళ్లు దులుపుకుంటూ, పైకి చూడకుండా, పెళ్లాన్ని అడిగారు.

"భుజం ఇంత లాగుతుందా? ఎప్పుడూ ఇలాగే ఉంటుందా నీకు?"

అక్క కుర్చీలో వెనక్కి ఆనుకుంది. కంచంలో వదిలేసిన ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"మొదటి కిలోకే. రెండో కిలోకి అలవాటైపోతుంది," అని, చిన్నకోడలి వైపు కంచం చాపింది. "ఇంకోటి వెయ్యమ్మా. కొంచెం ఎర్రగా."